20 పూసల లెక్కల చట్రం: రెండు నెలలు వాడాక నా మాట

మా పాపకి ఏడేళ్లు. కూడికలు విడిగా, తీసివేతలు విడిగా ఇస్తే చకచకా చేసేస్తుంది, రెండూ ఒకే లెక్కలో కలిస్తే మాత్రం తడబడేది. 9 − 4 + 2 ఇస్తే 3 అని రాసేది. ఎలా వచ్చిందమ్మా అని అడిగితే "నాలుగూ రెండూ ఆరు, తొమ్మిదిలోంచి ఆరు తీసేస్తే మూడు" అని గట్టిగా చెప్పేది. ఎడమ నుంచి కుడికి చెయ్యాలని ఎన్నిసార్లు చెప్పినా మర్నాటికి మళ్లీ అదే. అప్పుడు కొన్నాను ఈ పూసల చట్రం.

చూడ్డానికి చాలా మామూలు వస్తువు. రెండు కడ్డీలు, ఒక్కోదానికి 10 పూసలు, వాటిలో 5 ఎరుపు, 5 తెలుపు, అంతే. దీన్ని రెకెన్‌రెక్ అంటారు, నెదర్లాండ్స్‌లో పుట్టింది, లెక్కల బోధన మీద పనిచేసిన ఆడ్రి ట్రెఫర్స్ దీన్ని రూపొందించారు. ఐదు దగ్గర రంగు మారడంలోనే ఉంది కిటుకంతా, ఎందుకంటే పిల్లలు ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ రానక్కర్లేదు, ఐదు ఎరుపు పక్కన రెండు తెలుపు కనిపిస్తే అది ఏడే.

మొదటి రోజే అదే 9 − 4 + 2 ఇచ్చాను. పై కడ్డీ మీద తొమ్మిది పూసలు ఎడమకి జరిపింది. నాలుగు తెల్లవి వెనక్కి తోసింది, ఐదు ఎర్రవి మిగిలాయి. ఇక రెండు అనగానే చెయ్యి ఆగింది. "ఇవి తేవాలా, పంపాలా?" అని అడిగింది. ఆ రెండుకి ముందు ఏముందో చూడమన్నాను. ప్లస్ చూసి రెండు తెల్లవి ఎడమకి లాక్కుంది, ఏడు అంది, తర్వాత తను ఇంతకుముందు రాసిన 3 వైపు చాలాసేపు చూసింది. నేను ఇన్నాళ్లు నోటితో చెప్పలేకపోయింది ఆ పూసలు చెప్పాయి.

ఇంకో రోజు 14 + 9 − 5 ఇచ్చాను, 23 పూసలు కావాలి, ఉన్నవి 20. దిక్కుతోచక కూర్చుంది. ముందు ఐదు పంపేసి తర్వాత తొమ్మిది తెచ్చుకోమన్నాను. 14లో 5 పోతే 9, ఇంకో 9 కలిస్తే 18. అలా ముందూ వెనకా చెయ్యొచ్చా అని అడిగింది. చెయ్యొచ్చు, కాకపోతే అంకె ఎక్కడికి వెళ్తే దాని ముందున్న గుర్తు కూడా దానితోనే వెళ్లాలి. ఈ ఒక్క ముక్క పట్టుబడితే చాలు, సగం టెన్షన్ పోతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించింది చట్రంతో వచ్చిన చిన్న పుస్తకం. "ముందు కూడిక, తర్వాత తీసివేత" అని డబ్బా గీసి మరీ అచ్చు వేశారు. ఇది తప్పు. కూడిక, తీసివేత రెండిటిదీ సమాన స్థాయి, లెక్కలో ఏది ముందు చెయ్యాలో గుర్తుపెట్టుకోవడానికి బళ్లో చెప్పే బోడ్మాస్ అనే మాటలో ఎ (కూడిక) ముందు, ఎస్ (తీసివేత) తర్వాత ఉన్నంత మాత్రాన కూడికలన్నీ ముందు చెయ్యాలని కాదు. ఆ పుస్తకం లెక్కన పోతే 10 − 3 + 2 కి 5 వస్తుంది, రావాల్సింది 9. పిల్లల చేతికిచ్చే పుస్తకంలో ఇంత అజాగ్రత్త ఏమిటండీ! నేను ఆ పేజీ చించేశాను.

పూసలు కాస్త వదులుగా ఉన్నాయి, చట్రం వంచితే వాటంతటవే జారిపోతాయి, బల్ల మీద పెట్టి వాడండి. 20 దాటిన లెక్కలకి నంబర్ లైన్‌కి, అంటే అంకెలు వరసగా గుర్తుపెట్టిన గీతకి మారాల్సిందే. రాతలో తప్పుల్ని కూడా ఇది దిద్దలేదు. మా పాప ఇప్పటికీ అప్పుడప్పుడు 9 − 4 = 5 + 2 = 7 అని ఒకే వరసలో రాసేస్తుంది, జవాబు సరైనదే అయినా 9 − 4, 5 + 2 సమానం కావు కదా. అందుకే పూసలు జరిపిన ప్రతిసారీ కింద కొత్త వరసలో రాయిస్తున్నాను, ముందు 9 − 4 = 5, దాని కింద 5 + 2 = 7.