వడ్డీ లెక్కలు: సూత్రంతో ఆపాలా, అప్పు దాకా వెళ్లాలా?

ఎనిమిదో తరగతిలో బారువడ్డీ చెప్పడానికి మన బడుల్లో మామూలుగా ఒకటే దారి. బోర్డు మీద పీటీఆర్ బై హండ్రెడ్ రాస్తాం, పది లెక్కలు చేయిస్తాం, పాఠం అయిపోతుంది. సూత్రం చేతికి అలవాటు కావాలంటే ఈ పద్ధతిని మించింది లేదు. కానీ పుస్తకంలో వడ్డీ ఏడాదికి ఇంత శాతం అని ఉంటుంది, ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయలంటారు. అది ఏడాదికి 24 శాతమని పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లకు కూడా తట్టకపోవచ్చు.

కొందరు టీచర్లు లెక్కలయ్యాక, అధిక వడ్డీ అన్యాయమని నాలుగు మంచి మాటలు చెబుతారు. నా దృష్టిలో అన్నిటికంటే బలహీనమైన దారి ఇదే. పిల్లలు తలూపుతారు గానీ, ఎంతయితే అధికమో తేల్చుకోలేరు. పైగా ఫైనాన్స్ నడిపే ఇంటి పిల్లాడు కూడా అదే బెంచీల్లో ఉంటాడు.

నేను మొగ్గేది మూడో దారికి: నిజంగా జరిగే అప్పునే లెక్కగా ఇవ్వడం. డైలీ ఫైనాన్స్ తీసుకోండి. కూరగాయలమ్మే ఆవిడ పదివేలు తీసుకుంటుంది. వెయ్యి ముందే పట్టుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు వంద చొప్పున 100 రోజులు కట్టాలి. వడ్డీ ఎంత అంటే క్లాసంతా పది శాతం అంటుంది. అప్పుడు ఒక్కో ప్రశ్నా వేయాలి. చేతికొచ్చింది ఎంత? వెయ్యి వడ్డీ ఏడాదికా, 100 రోజులకా? యాభయ్యో రోజున ఆమె దగ్గర ఇంకా 9,000 ఉన్నాయా? రోజూ కడుతూ పోతే సగటున ఆమె దగ్గర ఉన్నది సుమారు 4,500. దాని మీద 100 రోజులకు వెయ్యి అంటే ఏడాదికి దాదాపు 80 శాతం! ఇదే డబ్బు ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలకు ఇచ్చిన పావలా వడ్డీకి, అంటే ఏడాదికి 3 శాతానికి దొరికితే, అయ్యే వడ్డీ 37 రూపాయలు.

మరి ఆవిడ బ్యాంకుకు ఎందుకు వెళ్లలేదు? ష్యూరిటీ లేకుండా ఇచ్చేవాడికి రిస్కు ఎంత? ఇవి కూడా పిల్లలే వాదించుకోవాలి, తీర్పు టీచరు చెప్పకూడదు. 2010లో మైక్రోఫైనాన్స్, అంటే పేదలకు చిన్న అప్పులిచ్చే సంస్థల, వసూళ్ల వేధింపుల మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన నేల మనది. ఈ ప్రశ్నలు మన పిల్లలకు దూరం కావు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. "మీ ఇంట్లో ఎంత అప్పుంది?" అని పొరపాటున కూడా అడగకూడదు. అప్పు ఇంటి గుట్టు. నలుగురిలో అది బయటపడితే ఆ పిల్ల మళ్లీ లెక్కల క్లాసులో నోరు విప్పదు. టీచరే అంకెలు కల్పించి ఇవ్వాలి.

టైము సంగతి కూడా చూడాలి. సూత్రానికి ఇచ్చే పీరియడ్లు తగ్గించకుండా, దీనికి విడిగా రెండు చాలు. సూత్రం రాని పిల్లకు ఈ లెక్క ఇస్తే టెన్షనే మిగులుతుంది. ఎనిమిదిలో సగటుతో సరిపెట్టి, పదిలో అంకశ్రేఢి వచ్చినప్పుడు, రోజూ కట్టే వందలో పది వడ్డీకి, తొంభై అసలుకు పోతాయనుకుని 9,000, 8,910, 8,820 అంటూ ఇదే అప్పును మళ్లీ తీయొచ్చు.