లాటరీ వైన్ షాపా, సర్కారు దుకాణమా: ఏది మేలు?

2023 ఆగస్టులో మా బావమరిది, మరో ఇద్దరు మిత్రులు డబ్బు కూడేసుకుని నగర శివార్లలోని మూడు వైన్ షాపులకు దరఖాస్తు చేశారు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగి ఇవ్వరు. డ్రా జరుగుతుంటే నేను వాళ్లతోనే ఉన్నాను. డబ్బాలోంచి అంకె ఉన్న బిళ్ల తీసి పైకెత్తి చూపేవారు. మూడుసార్లూ అది మావాళ్ల అంకె కాలేదు. మధ్యాహ్నానికి 6 లక్షలు పోయాయి.

తెలంగాణలో చిల్లర అమ్మకం ఇలా లాటరీ గెలిచినవారిది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. టోకు వ్యాపారంలో తేడా లేదు. రెండుచోట్లా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషనే కొని, డిపోల నుంచి పంపుతుంది.

కొనేవాడి వైపు నుంచి చూస్తే లాటరీ షాపే నయం. హైదరాబాద్‌లో ఒక షాపులో కోరినది లేకపోతే పక్క వీధికి వెళ్తాం. ఆంధ్రప్రదేశ్ సర్కారు దుకాణాల్లో మాత్రం కౌంటరు వెనుక ఉన్నదే తీసుకోవాల్సి వచ్చేది. తెలిసిన బ్రాండ్లు మాయమై, పేరు వినని సీసాలు వచ్చాయి. చాలాకాలం నగదే ఇవ్వాల్సి వచ్చింది. 2020 మే నెలలో ధరలు ముందు 25 శాతం, వెంటనే మరో 50 శాతం పెంచారు. తాగుడు తగ్గించడానికే అన్నారు. కానీ అలవాటు పడినవాడు మానడు, సరిహద్దు దాటుతాడు, లేదంటే ఏది దొరికితే అది తాగుతాడు. ఆ జూలై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో దుకాణాలు మూసి ఉన్న రోజుల్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివినప్పటి బాధ నాకింకా తగ్గలేదు.

అలాగని మన తెలంగాణ పద్ధతిని మెచ్చుకోలేను. 2025లో దరఖాస్తు రుసుము 3 లక్షలైంది. 2,620 షాపులకు 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,800 కోట్లు దాటింది. ఒక్క షాపు కోసం పదుల దరఖాస్తులు వేసినవాడు ఆ డబ్బును రెండేళ్ల లైసెన్సు కాలంలోనే రాబట్టుకోవాలి. అందుకే సరుకు లైసెన్సు లేకుండా దొంగచాటుగా అమ్మే బెల్టు షాపులకు పోతుంది. మా ఊళ్లో కిరాణా కొట్టు బియ్యం బస్తాల వెనుక నుంచి క్వార్టరు సీసా ఉదయం ఆరింటికే బయటికి వస్తుంది, ఎంఆర్‌పీ కంటే ఎక్కువకు. కూలికి వెళ్లాల్సిన మనిషి అక్కడే ఆగిపోతాడు. ఇంట్లో ఆడవాళ్లకు ఈ షాపు ఎవరి పేరున ఉంటే ఏమిటి?

టోకున కొనేది ప్రభుత్వ కార్పొరేషన్ ఒక్కటే అయితే కంపెనీలకూ కష్టమే. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్, ధర సవరించలేదని, బకాయిలు పేరుకున్నాయని తెలంగాణకు బీరు సరఫరా ఆపేసింది. కొద్దిరోజులకే సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. తగువు వాళ్లది, చెల్లింపు తాగేవాడిది.

రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ప్రైవేటు షాపునే ఎంచుకుంటాను, రెండు షరతుల మీద: లాటరీలో షాపు రానివాడికి రుసుము వెనక్కి ఇవ్వాలి, బెల్టు షాపుకు సరుకు పంపినవాడి లైసెన్సు ఆ రోజే రద్దు కావాలి. 2025లో మా బావమరిది దరఖాస్తు చేయలేదు. పాత 6 లక్షల్లో అతని వాటా అప్పు ఇంకా తీరలేదు.