అరండల్‌పేట పాత ఇంటికి డంగు సున్నం పని: మేస్త్రి బృందం ఎలా చేసింది

గుంటూరులో పాత ఇళ్లున్నవాళ్లు డంగు సున్నం, అంటే నూరిన సున్నం, పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారని నన్ను అడుగుతున్నారు. అరండల్‌పేటలోని మా ఇంటికి పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చిన మేస్త్రి బృందంతో పని చేయించాను. గోడలు, స్తంభాలు చాలా బాగా చేశారు. తలుపులు, కిటికీల దగ్గర తృప్తి కలగలేదు. ఖర్చు సిమెంటు పనికి రెట్టింపు దాటింది. అయినా మళ్లీ వాళ్లనే పిలుస్తాను.

ఇల్లు గురించి కొంచెం చెప్పాలి. మా మామగారి తండ్రి మద్రాసులో ప్లీడరు చదువు చదివి వచ్చి 1920లలో దీన్ని కట్టించారు. అప్పటికి వందేళ్ల ముందే కంపెనీ దొరలు మద్రాసులో కట్టుకున్న తోట బంగళాలు ఆయనకు నచ్చాయి. జార్జి రాజుల కాలం చివర్లో ఇంగ్లండులో నడిచిన కట్టుబడి అది. ముందు స్తంభాల వసారా, నడుమ వాకిలి, దానికి అటూ ఇటూ సరిసమానంగా కిటికీలు. నగిషీ తక్కువ, కొలతల పొందిక ఎక్కువ. ఆ కాలపు అసలు కట్టడం చూడాలనుకుంటే హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీకి వెళ్లండి. నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా, కిర్క్‌పాట్రిక్ ఉన్నప్పుడు శామ్యూల్ రస్సెల్ అనే ఇంజినీరు గీసిన నమూనాతో లేచిన భవనం అది. దాని ముందున్న ఎత్తయిన స్తంభాల కింద నిలబడితే మా ప్లీడరుగారి మనసు ఎటు పోయిందో తెలుస్తుంది. మద్రాసులో ఇలాంటి స్తంభాలను ఇటుకతో కట్టి, పైన గవ్వ సున్నం గార పెట్టి, పాలరాయి అనుకునేంత నున్నగా రుద్దేవారు. మా ఇంటి నాలుగు స్తంభాలూ ఆ కోవలోవే.

నేను కాపురానికి రాకముందే ఎవరో కాంట్రాక్టరు గోడల అడుగు భాగమంతా సిమెంటు పూశాడు. అక్కడి నుంచి మొదలైంది నిమ్ము. నేలలోంచి ఇటుకలోకి ఎక్కిన చెమ్మ సున్నపు గారలోంచి అయితే బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని ఆరనివ్వదు. చెమ్మ ఇంకా పైకి పాకి, దానితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మేము రంగులు మారుస్తూనే ఉన్నాం, గోడ రాలుతూనే ఉంది.

ఈ మేస్త్రి వచ్చి మొదట ధర మాట్లాడలేదు. స్తంభం వెనక వైపు నుంచి పాత గార ముక్క ఒకటి గీకి, పొడి చేసి, గాజు గ్లాసులో వేసి నిమ్మకాయ పిండాడు. బుసబుసమని నురగ వచ్చింది. ఇంకా రెండు కాయలు పిండి, ఆ నురగంతా తగ్గేవరకు ఆగి, అడుగున మిగిలిన ఇసుకను అరచేతిలో పోసుకుని చూపించాడు. "సున్నం కరిగిపోయిందమ్మా, ఇదిగో మీ పెద్దాయన వాడిన ఇసుక. ఇంత సన్నటిదే తేవాలి" అన్నాడు. నేను పని అప్పగించింది అప్పుడే.

సిమెంటు పొరను మెషీనుతో కాకుండా ఉలి, సుత్తి పట్టుకుని ఇటుక చెదరకుండా తీశారు. సున్నం నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి నూరారు. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకునే కొద్దీ. అందుకే పూత పూత మధ్య ఎడం ఇచ్చి, తడి గోనెపట్టాలు కప్పి ఉంచారు. మన ఎండల్లో ఈ పని పెట్టుకోకండి, పగుళ్లు తప్పవు. చలికాలం సరైనది.

స్తంభాల దగ్గర వాళ్ల పనితనం చూడాలి. ఇవి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి, కానీ తిన్నగా కాదు. నడుమ కంటికి ఆననంత ఉబ్బు ఉంటుంది. మామూలు తాపీవాడైతే తాడు కట్టి తిన్నగా పూసేస్తాడు. ఇతను చెడిపోని స్తంభం మీద పలక ఆనించి ఆ వంపును గీసుకుని, చెక్క అచ్చు కోయించి, తడి గార మీద స్తంభం చుట్టూ దాన్ని తిప్పాడు. ఇప్పుడు నాలుగు స్తంభాలకూ ఒకే వంపు.

ఇక లోపాలు. అంచనా కాగితం మీద రాసివ్వలేదు. ఎంత అడిగినా నోటిమాటే. చెప్పిన రోజుకు రాలేదు. అన్నిటికన్నా బాధ కలిగించింది, వాళ్లు వెంట తెచ్చుకున్న వడ్రంగి టేకు రెక్కల కిటికీలు తీసేసి అల్యూమినియంవి పెట్టమనడం. నేను అడ్డుపడకపోతే రెండు కిటికీలు పాత సామాన్ల కొట్టుకు వెళ్లిపోయేవి.

ఇంగ్లండులో అయితే ఆ వడ్రంగి మాట చెల్లదు. 1947 చట్టంతో అక్కడ విలువైన కట్టడాల జాబితాలు మొదలయ్యాయి. 1700 నుంచి 1850 వరకు కట్టినవాటిలో పాత రూపు చెడకుండా మిగిలినవి చాలావరకు జాబితాలో ఉన్నాయి. కిటికీ మార్చాలన్నా స్థానిక మండలి అనుమతి కావాలి, లేకుండా మారిస్తే నేరం. మనకు 1958 కేంద్ర చట్టం, 1960 రాష్ట్ర చట్టం ఉన్నాయి గానీ అవి ప్రకటించిన కట్టడాలకే వర్తిస్తాయి. ఉండవల్లి గుహలకు పురావస్తు శాఖ కాపలా ఉంది. అరండల్‌పేటలో, బ్రాడీపేటలో ఒక్కొక్కటే కూలిపోతున్న మిద్దెలకు ఎవరూ లేరు. నగరపాలక సంస్థ కనీసం వాటి పేర్లు, ఫొటోలతో ఒక జాబితా తయారు చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. అంతవరకు ఇలాంటి ఇంటిని నిలబెట్టేది యజమాని పట్టుదల, చేతనైన మేస్త్రి మాత్రమే.

మీరు పిలిపించుకుంటే మొదట ఒక చదరపు గజం గోడ మీద నమూనా పూత వేయించి, ఆరాక చూసుకుని, అంచనా రాయించుకున్నాకే బయానా ఇవ్వండి. మా మిద్దె పైకప్పు పని కార్తికం దాటాక వాళ్లకే అప్పగిస్తున్నాను. కిటికీలకు మాత్రం వేరే వడ్రంగిని చూసుకుంటాను.