కొలోన్ కథీడ్రల్: బురుజు ఎక్కడం కంటే లోపల నిలబడటమే మేలు

జర్మనీలోని కొలోన్ ప్రధాన రైల్వే స్టేషన్ నుంచి బయట అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించేది ఈ కథీడ్రలే, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి. రెండు రైళ్ల నడుమ కాస్త వ్యవధి దొరికినవారు చాలామంది టికెట్టు కొని దక్షిణ బురుజు ఎక్కుతారు. అంత తక్కువ సమయం ఉన్నప్పుడు బురుజును వదిలేసి, ఆ సమయమంతా లోపల గడపడమే మంచిదని నా అభిప్రాయం.

బురుజుకు లిఫ్టు లేదు. 533 మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి సాగుతాయి. దారి ఇరుకు కావడంతో ఎక్కేవారూ దిగేవారూ గోడకు ఒదిగి ఒకరికొకరు చోటివ్వాల్సి వస్తుంది. నడుమ 1923లో పోతపోసిన 24 టన్నుల సెయింట్ పీటర్ గంటను చూడటం బాగుంటుంది. పైనుంచి రైన్ నది కూడా అందంగానే కనబడుతుంది గానీ ఇనుప వల అడ్డం. మోకాళ్ల నొప్పులున్నవారు ఆ ఆలోచన మానుకోవచ్చు.

అసలు విశేషం లోపల ఉంది. నేల నుంచి రాతి కప్పు వరకు 43 మీటర్ల పైచిలుకు ఎత్తు ఉన్నా, గోడ అనదగినది చాలా తక్కువ. ఎటు చూసినా కిటికీలే. ఇదెలా సాధ్యమైందో తెలియాలంటే ఒక స్తంభం దగ్గర నిలబడి పైకి చూడాలి. దాని చుట్టూ కట్టగా అమరిన సన్నని రాతి కడ్డీలు పైదాకా సాగి, అక్కడే చీలి, కప్పును మోసే పక్కటెముకలుగా మారతాయి. కప్పు బరువు వాటి గుండా స్తంభాల మీదికి దిగుతుంది. పక్కలకు తోసే బలాన్ని బయట వంపు తిరిగిన రాతి దన్నులు అందుకుంటాయి. స్తంభాల మీద రాతి దూలాలు పరిచిన మన వేయిస్తంభాల గుడి మండపంలో స్తంభాలు దగ్గరదగ్గరగా ఉండక తప్పదు. ఇక్కడ మొనదేలిన కమానుల వల్ల వాటి మధ్య ఎడం పెరిగింది.

ఫ్రాన్స్‌లోని అమియెన్ కథీడ్రల్ ప్రేరణతో 1248లో మొదలైన ఈ కట్టడంలో బలిపీఠం ఉన్న తూర్పు భాగం 1322లో ప్రతిష్ఠకు నోచుకుంది. 16వ శతాబ్దంలో పని ఆగిపోయి, సగం కట్టిన దక్షిణ బురుజు మీద ఒక కొయ్య క్రేన్ 19వ శతాబ్దం దాకా అలాగే నిలిచిపోయింది. పడమటి ముఖభాగపు మధ్యయుగ నమూనా చిత్రం రెండు ముక్కలుగా 1814లో డార్మ్‌స్టాట్‌లోనూ 1816లో పారిస్‌లోనూ దొరికింది. 1842లో తిరిగి మొదలైన పని దాని ఆధారంగానే 1880లో పూర్తయింది. అంటే మసిబారి ఎంతో పురాతనంగా కనిపించే ఆ 157 మీటర్ల జంట బురుజుల్లో అధిక భాగం 19వ శతాబ్దపు పనే. నమూనాకు కట్టుబడి శ్రద్ధగా కట్టారు, కాదనను. కానీ కొలత తప్పని ఆ చెక్కడంలో తూర్పు భాగంలోని జీవం నాకు కనిపించలేదు.

దక్షిణపు పెద్ద కిటికీ విషయంలో మాత్రం కొత్తదనం నాకు నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పాత అద్దాలు పోగా, 2007లో జర్మన్ చిత్రకారుడు గెర్‌హార్డ్ రిష్టర్ రూపొందించిన కిటికీని అక్కడ అమర్చారు. అందులో 72 రంగుల్లో 11,263 చదరపు గాజు ముక్కలే తప్ప సాధువుల బొమ్మ ఒక్కటీ లేదు. అప్పటి ఆర్చ్‌బిషప్ బాహాటంగానే విమర్శించారు. ఎండ ఉన్న మధ్యాహ్నం ఆ రంగులు నేల మీద, రాతి స్తంభాల మీద పరుచుకోవడం చూస్తే ఆ విమర్శతో ఏకీభవించడం కష్టం.

బలిపీఠం వెనుక, శిశువు యేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులవిగా చెప్పే అవశేషాలున్న బంగారు మందసమూ, ఉత్తరం వైపు గేరో శిలువ అనే 10వ శతాబ్దపు కొయ్య శిలువా తప్పక చూడవలసినవి. ఆరాధన జరిగేటప్పుడు సందర్శకులను లోపల తిరగనివ్వరు కనుక ఆ వేళలు ముందే చూసుకోవాలి. మరమ్మతులు ఎప్పుడూ సాగుతూనే ఉంటాయి. ఏదో ఒక మూల పరంజా లేకుండా ఫోటో తీయాలనే ఆశ పెట్టుకోకపోవడం మంచిది.