మా మండల పరిషత్ బడి: నడిపేది ఎవరు, డబ్బు ఎక్కడిది

తిరుపతి జిల్లాలో పాకాల వైపున్న ఒక పల్లెలో, 60 మంది లోపే పిల్లలున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మా పెద్దవాడు ఐదో తరగతి వరకు చదివాడు, చిన్నది ఇప్పుడు చదువుతోంది. తల్లిదండ్రులే ఎక్కువగా ఉండే ఆ బడి యాజమాన్య కమిటీలో నేను సభ్యురాలిని. ప్రైవేటు స్కూలులో చేర్పించే ముందు ఫీజు ఎంత, బస్సు ఊళ్లోకి వస్తుందా, హోంవర్కు ఎవరు చూస్తారు అని పదిమందిని విచారించే తల్లిదండ్రులు, ప్రభుత్వ బడి దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగకుండా చేర్పించడమో, ఏమీ చూడకుండా వద్దనుకోవడమో చేస్తున్నారు. మన పన్నులతో నడిచే సేవను కూడా రొక్కమిచ్చి కొన్న సేవంత శ్రద్ధగా పరీక్షించాలన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ బడిలో పిల్లలను నిశ్చింతగా చేర్పించవచ్చు. అయితే మీ ఊరి బడి కూడా ఇలాగే ఉంటుందా అన్నది రంగులు వేసిన గోడలను చూస్తే తెలియదు, అక్కడి కమిటీ పనిచేస్తోందో లేదో చూస్తేనే తెలుస్తుంది.

బోర్డు మీద మండల పరిషత్ అని ఉంది కాబట్టి బడి మండల పరిషత్ చేతిలోనే ఉందని చాలామంది అనుకుంటారు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక పల్లె బడులు వాటి కిందికి వచ్చాయి, 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చాయి, 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను 17వ అంశంగా చేర్చింది. వారసత్వం ఇంత ఉన్నా, ఇప్పుడు ఉపాధ్యాయులను డీఎస్సీ ద్వారా ఎంపిక చేసేది రాష్ట్ర ప్రభుత్వం, నియామక ఉత్తర్వులూ బదిలీలూ చూసేది జిల్లా విద్యాశాఖాధికారి, రోజువారీ పర్యవేక్షణ మండల విద్యాధికారిది, గ్రాంట్లు వచ్చేది కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం నుంచి. మండల పరిషత్ అధ్యక్షుడు తలచుకున్నా మా బడికి ఒక టీచరును వేయించలేరు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయ్యాక ఇంకో చిక్కు కలిసింది. విద్యాశాఖ కార్యాలయం తిరుపతికి వచ్చింది గానీ, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్ ఉమ్మడి చిత్తూరు జిల్లా మొత్తానికీ ఒక్కటిగానే కొనసాగింది. ఉపాధ్యాయుల నియామకాలకు, బదిలీలకు కూడా ఉమ్మడి జిల్లానే లెక్కలోకి తీసుకుంటూ వచ్చారు. అందుకే కుప్పం పక్కన పనిచేస్తున్న టీచరు మా బడికి రావడం, ఇక్కడివారు పలమనేరు అవతలికి వెళ్లడం మాకు వింతగా అనిపించదు. అధికారం ఇన్ని చేతుల్లోకి చీలిపోవడం ఈ సేవలో నాకు కనిపించిన మొదటి లోపం, ఎందుకంటే ఫిర్యాదు చేయబోయే తల్లి ఏ గడప తొక్కాలో ఆమెకు ఎవరూ చెప్పరు.

ఇక డబ్బు సంగతి. ఖర్చులో అతి పెద్ద భాగం జీతాలది, అవి నేరుగా రాష్ట్ర ఖజానా నుంచి ఉపాధ్యాయుల ఖాతాలకు వెళ్తాయి, బడికి వాటితో ప్రమేయం ఉండదు. పుస్తకాలు, నోటుబుక్కులు, యూనిఫాం, బూట్లు, బ్యాగు వస్తురూపంలో వస్తాయి. బడి తన చేత్తో ఖర్చు పెట్టుకోగలిగింది ముఖ్యంగా సమగ్ర శిక్ష ఇచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు ఒక్కటే. 2018–19లో సర్వశిక్షా అభియాన్‌ను, మాధ్యమిక శిక్షా అభియాన్‌ను, ఉపాధ్యాయ శిక్షణ పథకాన్ని కలిపి చేసిన ఈ పథకంలో మన రాష్ట్రానికి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. పిల్లలు 30 మంది వరకు ఉంటే ఏడాదికి రూ.10,000, 31 నుంచి 100 వరకు రూ.25,000, 101 నుంచి 250 వరకు రూ.50,000, అక్కడి నుంచి 1,000 వరకు రూ.75,000, ఆపైన లక్ష రూపాయలు గ్రాంటు. మా బడికి రూ.25,000 వర్తిస్తుంది. అందులో కనీసం పది శాతం, అంటే రూ.2,500, పారిశుధ్యానికే కేటాయించాలి. మిగిలిన రూ.22,500ను పన్నెండు నెలలకు పంచితే నెలకు రూ.1,875. కరెంటు బిల్లు, రిజిస్టర్లు, సుద్దముక్కలు, కుళాయి రిపేర్లు, ఆగస్టు 15 జెండా పండుగ, అన్నీ అందులోనే. పైగా ఇప్పుడు గ్రాంటు డబ్బు బడి ఖాతాలో నిల్వ ఉండదు. ఇంత వరకు ఖర్చు పెట్టుకోవచ్చని పరిమితి మాత్రమే ఇస్తారు, మార్చి 31 దాటితే ఆ పరిమితి చెల్లదు. ఆ పరిమితి కూడా విడతలుగా, కొన్నిసార్లు సంవత్సరం చివర్లో వస్తే, వేసవి ముందు కాలిపోయిన మోటారును ఎవరి డబ్బుతో బాగు చేయించాలి? మా కమిటీ సమావేశంలో ఒక తల్లి లేచి, ‘ఏం సార్, మోటారు బాగు చేసేదానికి కూడా దుడ్లు లేవా?’ అని అడిగినప్పుడు ప్రధానోపాధ్యాయుడు గారు తన జేబులోంచి పెట్టి తర్వాత బిల్లు పెట్టుకుంటున్న సంగతి బయటపడింది. జీతాలకూ భవనాలకూ అంత ఖర్చు పెట్టే వ్యవస్థ, నెలకు రెండు వేల రూపాయల దగ్గర ఉపాధ్యాయుడి జేబు మీద ఆధారపడటం నాకు ఏ విధంగానూ సమంజసంగా తోచలేదు.

గ్రాంటు కాక మరో దారి ఉంది. తల్లికి వందనం పథకంలో ఒక్కో బిడ్డకు ప్రకటించిన రూ.15,000లో రూ.13,000 తల్లి ఖాతాలో పడుతుంది, తక్కిన రూ.2,000 బడుల, మరుగుదొడ్ల నిర్వహణకు పక్కన పెడతారు. ఆ డబ్బు మా పేరు మీదే వస్తోంది కనుక, అందులో మా బడికి ఎంత చేరిందో, దేనికి ఖర్చయిందో నోటీసు బోర్డు మీద రాయాలని అడిగే హక్కు తల్లులకు ఉందని నేను నమ్ముతున్నాను. ఊరి పంచాయతీని కూడా మరచిపోకూడదు. 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి ప్రత్యేకించారు, బడి కుళాయి, మరుగుదొడ్డి ఆ పద్దులోకి సహజంగానే వచ్చేవి. గ్రామసభలో నోరు తెరిచి అడిగి, తీర్మానం పుస్తకంలో రాయించుకున్న ఊళ్లకు ఆ పనులు జరుగుతున్నాయి.

కమిటీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు, వారిలోంచే అధ్యక్షులు, ఉపాధ్యక్షులు వస్తారు, ప్రధానోపాధ్యాయులు కన్వీనరుగా ఉంటారు. మా ఎన్నిక 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటితో పాటు జరిగింది. బడి నడకను గమనించడం, వచ్చిన నిధుల వినియోగాన్ని పరిశీలించడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం చట్టం మాకు అప్పగించిన పనులు. టీచరును మార్చే అధికారం మాకు లేదు, పన్ను వేసే అధికారం అంతకంటే లేదు. అయినా ఈ కమిటీ ఏమి చేయగలదో బడులను బాగుచేసే నాడు–నేడు పథకం కాలంలో చూశాం. 2019 నవంబరు 14న మొదలైన ఆ పథకంలో కాంట్రాక్టరు లేకుండా తల్లిదండ్రుల కమిటీ ద్వారానే పనులు చేయించారు. మా బడికి వచ్చిన ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు అప్పటివే. సిమెంటు బస్తాలు లెక్కపెట్టి దింపుకున్న తల్లులు ఇప్పటికీ ఆ గోడకు పగులు వస్తే తమ ఇంటి గోడకు వచ్చినట్టు బాధపడతారు. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి, కానీ ఖర్చును ఊరివాళ్ల చేతికి ఇచ్చిన ఆ పద్ధతి మాత్రం నిలబడాల్సింది. ఇప్పుడు చాలా ఊళ్లలో సభ్యులను పిలిచేది సంతకానికే అన్న మాట విన్నప్పుడు నాకు నిజంగా దిగులు కలుగుతుంది.

చదువు విషయంలో నాకు ఫిర్యాదు తక్కువ. ప్రాథమిక స్థాయిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం చెబుతోంది, మాకు ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ ఐదు తరగతులను పంచుకోవలసి వస్తున్నందున ఒక టీచరు సెలవు పెట్టిన రోజు పాఠం సగమే సాగుతుంది. 2022లో వచ్చిన 117 నంబరు జీవోతో పల్లె బడుల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు చాలా ఊళ్లలో పిల్లలు చెల్లాచెదురయ్యారు. 2025లో ఆ విధానాన్ని విరమించి, తగినంత మంది పిల్లలున్న చోట తరగతికొక టీచరుతో మోడల్ ప్రాథమిక పాఠశాలలు ఏర్పాటు చేశారు. అది మంచి మార్పే గానీ, మాలాంటి చిన్న బడులకు దాని మేలు అందదు. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉండే పాఠ్యపుస్తకాలు మా ఇంట్లో చాలా ఉపయోగపడ్డాయి, ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా మనవరాలిని కూర్చోబెట్టి చదివించగలుగుతోంది. టీచర్ల సమయాన్ని తినేస్తున్నది ఫోను. హాజరు, భోజనం, మరుగుదొడ్ల ఫోటోలు, అన్నీ యాప్‌లోనే. యాప్‌లన్నిటినీ లీప్ అనే ఒక్కదాంట్లోకి తెచ్చాక కొంత ఊరట కలిగిందని మా టీచరమ్మ చెప్పారు.

డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న భోజనం బాగుంటుంది. సన్నబియ్యం వచ్చాక పిల్లలు పళ్లెంలో అన్నం మిగల్చడం తగ్గింది. వంట చేసే అక్కలకు మాత్రం నెలకు రూ.3,000 గౌరవ వేతనమే ఇస్తున్నారు, పొయ్యి దగ్గర వాళ్లు పడే శ్రమకు అది చాలదు.

బిడ్డను చేర్పించాలనుకునేవారు బడికి వెళ్లినప్పుడు కమిటీ తీర్మానాల పుస్తకం, గ్రాంటు ఖర్చుల రిజిస్టరు చూపించమని మర్యాదగా అడగండి. వెంటనే చూపించారంటే ఆ బడి సవ్యంగా నడుస్తున్నట్టే. చివరి తీర్మానం ఏ నెలదో, సంతకాల్లో ఎన్ని మీ ఇరుగుపొరుగు తల్లులవో చూసుకోండి. ఐదో తరగతి అయ్యాక హైస్కూలు ఎంత దూరమన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి. విద్యాహక్కు నియమాల ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలి, అంతకంటే దూరమైతే నెలకు రూ.600 చొప్పున పది నెలలకు రూ.6,000 రవాణా భత్యం ఉంటుంది. దాని కోసం దూరం వివరాలతో ప్రధానోపాధ్యాయుడి ద్వారానే ప్రతిపాదన పంపాలి, బడి తెరిచిన జూన్ నెలలోనే అడిగి పేరు రాయించుకోండి.