సైకిల్ రిమ్ములతో ఎరువు జల్లెడ: నాలుగేళ్ళు తిప్పాక

ముందే తేల్చి చెప్పేస్తాను. పెరట్లో ఏడాదికి ఒక ట్రాక్టరు ట్రక్కుడు ఎరువైనా తయారయ్యేవాళ్ళు ఎరువు జల్లించే ఈ తిరుగుడు డ్రమ్ము యంత్రం చేయించుకోండి. మిద్దె మీద పాతిక కుండీలున్నవాళ్ళు ఈ జోలికి పోవద్దు. తాపీమేస్త్రీలు ఇసుక పోసే ఏటవాలు జల్లెడ ఒకటి గోడకి ఆనించుకుంటే చాలు.

మాది రాజమండ్రి దగ్గర పల్లె. రెండు గేదెలు, మామిడి, కొబ్బరి, కూరమళ్ళు. పేడ, ఎండాకు, వంటింటి తుక్కు, పక్క గుడిలో తీసేసిన పూలదండలు అన్నీ ఒకే కుప్ప. మాగిన ఎరువులో టెంకలు, చిప్పలు, పుల్లలు మిగలడం మామూలే. మొక్కల పాదుల్లోకైతే అలాగే వేసేయొచ్చు. నారుమడికీ కుండీలకీ వేయాలంటే మాత్రం జల్లించక తప్పదు.

యంత్రం అనడమే గానీ అందులో పెద్ద విద్య ఏమీ లేదు. పాత ఇనుము కొట్లో మూడు సైకిల్ రిమ్ములు తెచ్చాను, 26 అంగుళాల టైరువి. టైరు తీసేస్తే రిమ్ము కొలత దాదాపు 24 అంగుళాలు. చివర్లలో ఒక్కోటి, నడుమ ఒకటి పెట్టి, లోపలివైపు వెల్డ్ మెష్ (గళ్ళ ఇనప తీగ జాలీ) చుట్టి, సైకిలు చువ్వలు బిగించే బెజ్జాల్లోంచి బైండింగ్ వైరుతో కట్టేశాం. డ్రమ్ము పొడవు నాలుగడుగులు. పోసే వైపు సగం పావంగుళం జాలీ, అవతలి సగం అరంగుళం జాలీ. మెత్తటి ఎరువు మొదటి తట్టలో, గరుకుది రెండో తట్టలో పడుతుంది, పనికిరానిది చివరి నోట్లోంచి బయటికి దొర్లిపోతుంది. డ్రమ్ము నాలుగు ట్రాలీ చక్రాల మీద తిరుగుతుంది. రిమ్ము గాడి చక్రాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి వాలులో డ్రమ్ము కిందికి జారదు. వాలు అంటే నాలుగడుగుల పొడవుకి మూడు నాలుగు అంగుళాలు, అంతే. స్టాండు కాళ్ళ కింద ఇటుక ముక్క పెట్టి సరిచేసుకుంటాను. వాలు పెరిగితే మంచి ఎరువు కూడా రాళ్ళతో పాటు బయటికి పోతుంది.

మోటారు దగ్గర వెల్డింగు మేస్త్రీతో కాస్త వాదన పడింది. "ఒక హెచ్‌పీ పెట్టేద్దామండి, ఇనప డ్రమ్ము కదండి తిరగాలి" అన్నాడు. పావు హెచ్‌పీతో లాగించాను, ఇప్పటికీ అదే. ఇక్కడ కావలసింది బలం కాదు, నిదానం. డ్రమ్ము వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 42.3ని భాగించండి. ఆ వచ్చిన చుట్లు నిమిషానికి తిరిగితే సరుకు జల్లెడపడకుండా జాలీకి అంటుకుని డ్రమ్ముతో పాటే గిరగిరా తిరుగుతుంది. మా డ్రమ్ము లోపలి వ్యాసం 57 సెంటీమీటర్లు, లెక్క 56 చుట్లకొచ్చింది. అందులో సగానికి కాస్త తక్కువగా తిప్పితే ఎరువు పైదాకా ఎక్కి, విరిగి, కింద పడుతుంది. మోటారు 1440 చుట్లది. రెండంగుళాల పుల్లీ నుంచి పదంగుళాల పుల్లీకి, మళ్ళీ రెండంగుళాల పుల్లీ నుంచి నడిమి రిమ్ముకి బెల్టు వేస్తే 24 దగ్గర నిలబడింది. టైరు లేని రిమ్మే పెద్ద పుల్లీ, దానికి వేరే ఖర్చు లేదు. గొలుసు వేయమని కొందరు చెప్తారు. నేను బెల్టే మంచిదంటాను. రాయి ఇరుక్కుంటే బెల్టు జారుతుంది, మోటారు కాలదు.

నిజానికి చేత్తో తిప్పే పిడి పెట్టినా పని జరుగుతుంది. అప్పుడు ఒకరు తిప్పాలి, ఒకరు పారతో పొయ్యాలి. నేను మోటారు పెట్టింది ఆ రెండో మనిషి దొరకడం లేదనే.

ఇన్నేళ్ళలో నన్ను సతాయించింది ఇనుమూ కాదు, కరెంటూ కాదు. చింతగింజలు! అరంగుళం జాలీ గళ్ళు వాటి కోసమే కొలిచి చేసినట్టుంటాయి. గింజ సగం దూరి ఆగిపోతుంది, ఇటూ రాదు అటూ పోదు. పావంగుళం వైపు వేపగింజలది అదే తంతు. డ్రమ్ము నెత్తిన, బయటివైపు, ఒక కొబ్బరి పుల్లల చీపురుకట్టని అడ్డంగా బిగించాక బాధ చాలావరకు తగ్గింది. తిరుగుతుంటే చీపురు ఆ గింజల్ని లోపలికి నెట్టేస్తుంది. పుల్లలు అరిగితే కొత్త కట్ట. పూలదండల దారం మాత్రం ఏ చీపురుకీ లొంగదు. నైలాను దారం కుప్పలో ఏళ్ళ తరబడి చివకదు, జాలీ తీగలకి చుట్టుకుని జడ అల్లినట్టు బిగుస్తుంది, దాని మీద అరటి నార వచ్చి చేరుతుంది. బ్లేడుతో కోసి లాగాల్సిందే. ఇప్పుడు దండలు కుప్పలో వేయకముందే దారం లాగేస్తున్నాం, అది మా ఆవిడ పెట్టిన రూలు.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. కుప్ప చివికేటప్పుడు 50, 60 శాతం తేమ ఉండాలి. ఆ తడితో జల్లెడలో పోస్తే ఎరువు లడ్డూలు కట్టి, ఆ లడ్డూలు దర్జాగా చివరి నోట్లోంచి దొర్లిపోతాయి. ఏ మోటారూ దాన్ని మార్చలేదు. మాగిన కుప్పని నీడలో పల్చగా పరిచి ఆరనివ్వాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి, అరచేతికి తడి అంటకూడదు. మరీ ఎండబెడితే ఇంకో తంటా, దుమ్ము లేచి ముక్కూ కళ్ళూ నిండిపోతాయి. ఆ దుమ్ములో బూజు బీజాలుంటాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళు దగ్గరికి రావద్దు, మిగతావాళ్ళు మాస్కు కట్టుకోండి. మేం ఏడాదికి సరిపడా జల్లింపు మాఘ ఫాల్గుణాల్లో మొదలెట్టి మృగశిర కార్తెకి ముందే ముగించి గోనెసంచుల్లో ఎత్తిపెడతాం. వానాకాలంలో జల్లెడకి టార్పాలిన్ కప్పేయడమే.

అమ్మే ఆలోచన ఉన్నవాళ్ళకి ఒక మాట. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకీ (పట్నం చెత్తతో చేసే ఎరువు), వర్మీకంపోస్టుకీ (వానపాముల ఎరువు) పెట్టిన ప్రమాణం ప్రకారం 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. పావంగుళం జాలీ దానికి చాలదు. ఇంటి వాడకానికి మాత్రం అంత మెత్తన అక్కర్లేదు. వంగ, మిరప నారు పోసేటప్పుడు ఇంత ఎరువు మళ్ళీ చేతి జల్లెడ పట్టుకుంటే సరి.

వానపాముల ఎరువు ఈ డ్రమ్ములో పోయను. నిదానంగా తిరిగినా రాళ్ళ మధ్య వానపాములు నలుగుతాయి. కుప్ప మీద వెలుతురు పడేలా వదిలేసి, అవి అడుగుకి దిగాక పైపొర తీసుకోవడమే మేలు.

బెల్టులకీ పుల్లీలకీ రేకు మూత లేకుండా స్విచ్ వేయొద్దు. పంచె, చీరకొంగు, చున్నీ, ఏదైనా సరే బెల్టు క్షణంలో లాగేస్తుంది. మోటారుకి ఎర్తింగు తప్పనిసరి, తడి చేతుల పని కదా.

ఇక అరుగుదల. ట్రాలీ చక్రాలు ఒకసారి మార్చాను, రబ్బరువి అరిగిపోతే నైలానువి వేశాను. చప్పుడు పెరిగింది గానీ చెక్కుచెదరలేదు. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) జాలీ మాత్రం పేడలోని తేమకీ ఉప్పులకీ ఆగలేదు. పావంగుళం వైపు పూత లేచిపోయి, తీగలు వేలితో వంచితే విరుగుతున్నాయి. ఈ వేసవిలో ఆ సగానికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ వేయిస్తున్నాను, ధర ఎక్కువైనా సరే. అరంగుళం వైపు పాతదే ఉంచేస్తున్నా. తడి మెత్తని సరుకంతా అక్కడికి చేరేలోపే రాలిపోతుంది కాబట్టి అటు ఇంకా తుప్పు ఎక్కలేదు.