ఎపిక్ మిథైలేషన్ చిప్: చాన్నాళ్ల వాడకం తర్వాత

రక్తం డీఎన్ఏలో మిథైలేషన్‌ని (సీ అక్షరాలకి మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అంటుకోవడాన్ని) ఇంత నిలకడగా కొలిచే చిప్ దొరకడం అదృష్టమే. ఒకే నమూనాని రెండుసార్లు నడిపినా బీటా విలువలు (ఒక చోట ఎంత భాగానికి మిథైల్ ఉందో చెప్పే 0 నుంచి 1 దాకా అంకెలు) చాలావరకు కలిసే వస్తాయి. చిక్కంతా వాటిని చదవడంలో ఉంది. ఊహించని తేడా కనిపించగానే వ్యాధికి ముడిపెట్టకండి.

ముందు ఎస్‌ఎన్‌పీలు, అంటే మనిషికీ మనిషికీ డీఎన్ఏలో ఉండే ఒక్క అక్షరం తేడాలు, చూడండి. ఒక సైట్‌లో (చిప్ కొలిచే ఒక చోట) నమూనాలు 0, 0.5, 1 దగ్గర మూడు గుంపులుగా విడిపోతే దాదాపు ఎప్పుడూ అది జన్యురూపమే. సీపీజీల్లో (సీ పక్కనే జీ ఉండే చోట్లలో) సీ టీగా మారడం మన జీనోమ్‌లో చాలా మామూలు; బైసల్ఫైట్ (మిథైల్ లేని సీని టీగా చదివేలా మార్చే రసాయనం) పెట్టాక ఆ టీకీ, మిథైల్ లేని సీకీ తేడా దొరకదు. యూరోపియన్ల లెక్కలతో చేసిన ప్రోబ్ (చిప్ మీద ఒక్కో సైట్‌ని పట్టే డీఎన్ఏ ముక్క) జాబితాతో వడపోస్తే మనవాళ్లలో ఎక్కువగా ఉండే మార్పులు కొన్ని జల్లెడలోంచి జారిపోతాయి. హైదరాబాద్ నమూనాలకి 1000 జీనోమ్స్ అనే, పలు దేశాలవాళ్ల జీనోమ్‌లు చదివిన ప్రాజెక్టులోని దక్షిణాసియా ఫ్రీక్వెన్సీలు వాడండి. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ల నమూనాలు అందులో ఐటీయూ పేరుతో విడిగానే ఉన్నాయి! సీపీజీ మీదో, పక్క బేస్ మీదో ఫ్రీక్వెన్సీ 1 శాతం దాటిన మార్పు ఉంటే ఆ ప్రోబ్‌ని తీసేయడమే నయం.

తేడా 0.05 చుట్టూ ఉండి, వందల సైట్లలో ఒకేసారి కనిపిస్తే కణాల పాళ్లు అనుమానించాలి. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరుగుతాయి, ఒక్కో రకం కణానికి మిథైలేషన్ వేరు కాబట్టి సగటు కదులుతుంది. మిన్‌ఫీ అనే ఆర్ ప్యాకేజీలో కణాల అంచనా వేసి మోడల్‌లో కలపండి. ఏహెచ్‌ఆర్‌ఆర్ జన్యువులో సీజీ05575921 అనే సైట్‌లో మిథైలేషన్ తగ్గితే ముందు పొగతాగే అలవాటు అడగండి.

ఆడవాళ్ల ఎక్స్ క్రోమోజోమ్‌లో, హెచ్19 లాంటి ఇంప్రింటెడ్ చోట్ల (తల్లి, తండ్రి కాపీల్లో ఒకదాని మీదే మిథైల్ ఉండే చోట్ల) 0.5 దరిదాపుల్లో రావడం సహజం.

చిప్‌కి 8 నమూనాలే పడతాయి. రోగులందరినీ ఒక చిప్‌లో, ఆరోగ్యవంతుల్ని ఇంకో చిప్‌లో పెడితే కాంబ్యాట్ (చిప్‌ల మధ్య తేడాలు సరిచేసే ప్రోగ్రామ్) కూడా కాపాడలేదు. ప్లేటు వేసేముందే రెండు రకాల నమూనాల్నీ అన్ని చిప్‌లకీ కలగలిపి పంచాలి. ట్యూబులు తారుమారయ్యాయా అన్నది చిప్‌లోని ఎస్‌ఎన్‌పీ ప్రోబులు చెప్పేస్తాయి. అవి మూడు గుంపుల మధ్యలో తేలుతుంటే వేరే డీఎన్ఏ కలిసినట్టు.

డీఎన్ఏ ఎంత ఉందో నానోడ్రాప్ యంత్రంతో కాక, డీఎన్ఏకే అంటే రంగుతో కొలిచే క్యూబిట్‌తో కొలిచి, కన్వర్షన్‌కి (బైసల్ఫైట్‌తో సీని మార్చే దశకి) 250 నానోగ్రాములు పెట్టండి. పైరోసీక్వెన్సింగ్‌తో (డీఎన్ఏ అక్షరాల్ని వరసగా చదివే పద్ధతితో) సరిచూసేటప్పుడు సీపీజీ కాని చోట సీ మిగిలిందంటే కన్వర్షన్ పూర్తికాలేదు. మిథైలేషన్ లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది.

రక్తానికి నిస్సందేహంగా కొనమంటాను. మెదడు కణజాలానికి మాత్రం ఇదొక్కటే చాలదు. అక్కడ హైడ్రాక్సీమిథైల్ (మిథైల్‌కి ఇంకో రూపం) ఎక్కువ, మామూలు బైసల్ఫైట్ రెండింటినీ ఒకటిగానే చూపిస్తుంది. ఆ రెండింటినీ విడదీసే ఆక్సిడేటివ్ బైసల్ఫైట్ పక్కన జతచేయాల్సిందే.